అడ్డొస్తున్నామండీ

ఒనొమిచిలో వీధులన్నీ మెట్లే.
తతామీ చాప భుజానికెత్తుకుని ఎక్కుతుంటే
సముద్రం వీపు వెనకాల చిన్నదైపోతుంటుంది.
మా గురువుగారు తొకుజిరో ముందు, నేను వెనక.
డెబ్బై ఆరేళ్లు ఆయనవి, ఆయాసం నాది.

ప్రతి గడప దగ్గరా చెప్పులు విప్పి
ఆయన అనే మాట ఒక్కటే:
"ఒజమా షిమాసు."
అడ్డొస్తున్నామండీ.
రమ్మన్నది వాళ్లే, డబ్బిచ్చేదీ వాళ్లే,
అయినా తప్పు మనదే అన్నట్టు తల వంచాలి.

మొదటి ఏడాది నాకది నవ్వులాట.
ఒకరోజు టీ ఊదుకుంటూ చెప్పారు:
"ఆ మాటలో మారుడున్నాడు, తెలుసా?
చెట్టు కింద కళ్లు మూసుకు కూర్చున్నాయన్ని
కదిలించాలని వచ్చాడే, వాడు.
వాడి పేరు దేశాలు దాటి, అరిగి అరిగి
'మా' అన్న ఒక్క ముక్కై మన నాలుక మీద మిగిలింది.
లోపలికి వెళ్లేముందు చెప్పుకోవాలి కదా,
వస్తున్నది ఎవడో."

ఎన్ని సూదులో అన్ని మాటలు ఆయన దగ్గర.
రైలు నాలుగు నిమిషాలు ఆలస్యమైతే
మైకు క్షమించమనేది మెయ్‌వాకుకి, పదిమంది ఇబ్బందికి.
అడవిపందులు నారింజతోటని కుళ్లబొడిస్తే అరాసు.
గాలి జుట్టుకీ, చావుకబురు మనసుకీ చేసేది మిదాసు.
చేప కాలుస్తుంటే అలారం మోగి
అగ్నిమాపక బండి ఉత్తినే వచ్చిపోయాక
పక్కింటామె బిస్కెట్ల డబ్బాతో గుమ్మం గుమ్మం తిరిగి
"గోల చేశానండీ" అంది చూడు, అది మళ్లీ వేరే.
ఒకదాని చోట ఇంకోటి వాడానా,
"అంచు కుట్టే సూదితో నడుమ కుడతావా?"

పోయిన జూన్, ముసురు.
మిసావో గారింట్లో మూడు గదులయ్యాయి.
నాలుగోదాని ముందు ఆవిడ గొంతు తగ్గించింది.
"లోపల మావాడు, ఇబుకి.
రెండేళ్లయింది బయటికొచ్చి.
ఈ ఒక్కటీ వదిలేయండి. వాణ్ణి కదపొద్దు."

గురువుగారు చీటీ చూసుకున్నారు.
"ఇరవై నాలుగు చాపలకి ఒప్పుకున్నానమ్మా, ఆరున్నాయి."
తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు.
"ఒజమా షిమాసు."

లోపల్నించి వచ్చింది కూడా ఆ మాటే,
మర్యాద తొక్క ఒలిచేసి, ఉత్త టెంకతో:
"జమా!"
అడ్డు. పో.

మిసావో గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
చాప దించాలో మోయాలో తెలీక నేను నిలబడ్డాను,
పానకంలో పుడకలా.
గురువుగారు మాత్రం, సరుకు ముట్టిందన్నట్టు,
"అవును బాబూ. నేనూ అదే కదా చెప్పింది."

వాన. చూరు నుంచి రేకుడబ్బాలోకి ఒక్కో చుక్క.
ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు.
తలుపు జానెడు జరిగింది.

కొక్కెం గుచ్చి పాత చాప లేపితే
కింద పరిచిన వార్తాపత్రికలు, పసుపు తిరిగినవి.
వాడు పుట్టకముందటి తుఫాను,
కూలిన దీపస్తంభం, గొడుగుల ప్రకటన, చదరంగం గళ్లు.
ఇబుకి వంగి చదవడం మొదలెట్టాడు.
మెడ మీద జుట్టు ఎవరో కత్తెరతో తామే కత్తిరించుకున్నట్టుంది.
పని ఆగిపోతోందని నేను కాగితం కొస లాగబోయాను.
"వదిలెయ్," అన్నారు గురువుగారు,
"ఇప్పుడు అడ్డు నువ్వు."

అయిదు చాపలు పడ్డాయి, తుఫాను చుట్టూ.
ఆరోది ఆగింది.
అది దించేటప్పుడు
రెండో కొస పట్టుకున్నది నేను కాదు.

చెప్పులు తొడుక్కుంటూ గతంలోకి మార్చి చెప్పాం:
"అడ్డొచ్చామండీ."
మిసావో గారు అనాల్సిన "అబ్బే, లేదు"
సగంలో ఆగిపోయింది. తల మాత్రం ఊపింది.

ముప్ఫై మెట్లు దిగాక గురువుగారు ఆగారు.
"కొక్కెం ఆ గదిలో మరిచిపోయాను."
వెనక్కి పరిగెత్తబోయాను.
"ఇప్పుడొద్దు. రేపొద్దాం,
ఇంకోసారి అడ్డొద్దాం."

కొక్కెం ఆయన నడుముకి వేలాడుతూనే ఉంది.
నేనేమీ అనలేదు.